కత్తి పట్టిన చెయ్యి, కళ్ళు మూసిన చెయ్యి

ఈ ప్రసంగం వింటున్నంతసేపూ ఒక తెల్ల కాగితం, ఒక పెన్సిలు దగ్గర పెట్టుకుంటే బాగుంటుంది. బొమ్మలు వేయడం రాకపోయినా ఫరవాలేదు. నాలుగు గీతలు గీయగలిగితే చాలు.

ఏసుక్రీస్తు బొమ్మ అనగానే చాలామందికి క్యాలెండర్ బొమ్మే గుర్తొస్తుంది. భుజాల మీదికి జారిన జుట్టు, కాస్త పక్కకు తిరిగిన ముఖం, పైకి చూసే కళ్ళు. ప్రపంచమంతటా లెక్కలేనన్నిసార్లు అచ్చయిన ఈ రూపాన్ని అమెరికాలోని చికాగో నగరపు చిత్రకారుడు వార్నర్ సాల్‌మన్ 1940లో తైలవర్ణాల్లో వేశాడు. అయితే దాని పుట్టుక రంగుల్లో కాదు. 1924లో ఒక క్రైస్తవ పత్రిక కోసం ఆయన బొగ్గుతో వేసిన స్కెచ్ దానికి మూలం. ప్రశాంతమైన బొమ్మ అది. అందులో ఏ సంఘటనా జరగడం లేదు. తలా భుజాలూ తప్ప ఇంకేమీ లేవు. ముఖ్యంగా, చేతులు లేవు.

ఇవాళ్టి మాట ఇంకో రకం బొమ్మ గురించి. బైబిల్లో ఊపిరి బిగబట్టించే ఘట్టాలు చాలా ఉన్నాయి. అలాంటి ఒక ఘట్టాన్ని నల్ల పెన్సిలుతో, రంగు సాయం లేకుండా కాగితం మీదికి ఎక్కించాలంటే బొమ్మ కూర్పు ఎలా ఉండాలి? చూసేవాళ్ళకు గుండె కలుక్కుమనాలంటే ఆ భావాన్ని బొమ్మలో ఎక్కడ దాచాలి?

కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డిలో డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పరీక్షకు సాధన చేస్తున్న ఒక అమ్మాయి ఉందనుకుందాం. ఆమె ఎంచుకున్న ఘట్టం ఆదికాండం 22వ అధ్యాయంలోది. ముసలితనంలో లేకలేక పుట్టిన కొడుకు ఇస్సాకును బలి ఇమ్మని అబ్రాహాముకు దేవుడు ఆజ్ఞాపిస్తాడు. గాడిదకు గంత కట్టి, ఇద్దరు పనివాళ్ళను వెంటబెట్టుకుని, తండ్రీకొడుకులు మోరీయా దేశానికి బయలుదేరతారు. మూడో రోజున ఆ కొండ కంటబడుతుంది. పనివాళ్ళు కిందే ఆగిపోతారు. కట్టెలు కొడుకు భుజాన, నిప్పూ కత్తీ తండ్రి చేతిలో. పైకి వెళ్ళాక బలిపీఠం కట్టి, కొడుకును కట్టేసి, కట్టెల మీద పడుకోబెట్టి కత్తి ఎత్తుతాడు. అప్పుడు ఆకాశం నుంచి దూత పేరు పెట్టి రెండుసార్లు పిలుస్తాడు. పొదలో కొమ్ములు చిక్కుకున్న పొట్టేలు కనబడుతుంది.

ఈ కథను అర్థం చేసుకోవడానికి చర్చికి వెళ్ళేవాళ్ళే కానక్కర్లేదు. కామారెడ్డిలో బక్రీదు నాడు ఈద్గాకు వెళ్ళే ప్రతి ఇంట్లోనూ ఇబ్రహీం ప్రవక్త కథ తెలుసు. అక్కడ కొడుకు పేరు ఇస్మాయిల్. శివభక్తుల కథలు విన్నవాళ్ళకు చిరుతొండనంబి గుర్తొస్తాడు. శ్రీనాథుడు హరవిలాసంలో చెప్పిన కథ అది. అతిథిగా వచ్చిన శివుడి కోరిక తీర్చడానికి తల్లీతండ్రీ కలిసి కొడుకు సిరియాళుణ్ణి చంపి వండి పెడతారు. చివరికి పిల్లవాడు బతికి వస్తాడు. కన్నబిడ్డ మీదికి కత్తి ఎత్తిన తండ్రి మన కథలకు కొత్తవాడేమీ కాదు.

ఇక మన అమ్మాయికి వచ్చిన మొదటి చిక్కు చూడండి. గ్రంథంలో కత్తిని ఆపింది ఒక పిలుపు. దూత అబ్రాహామును ముట్టుకున్నట్టు ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. ఇదే ఘట్టాన్ని రేడియో నాటకంగా వేస్తే పని సులువు. గాలి హోరు, కట్టెల చప్పుడు, ఆ తర్వాత ఒక కేక. ఆ కేకతో శ్రోత ఉలిక్కిపడతాడు. కాగితానికి గొంతు లేదు. పెన్సిలుతో కేక పెట్టడం ఎలా?

ఈ ప్రశ్నకు డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ ఇరవై ఏళ్ళ తేడాతో రెండు జవాబులు ఇచ్చాడు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే బొమ్మ కూర్పు గురించి ఒక పాఠ్యపుస్తకమంత విషయం దొరుకుతుంది.

మొదటిది 1635 నాటి తైలవర్ణచిత్రం. రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. ఎత్తు 193 సెంటీమీటర్లు, అంటే ఆరడుగుల పైమాటే. ఇప్పుడు మీ కాగితం మీద నిలువుగా ఒక దీర్ఘచతురస్రం గీయండి. ఎడమ పై మూల నుంచి కుడి కింది వైపుకు ఒక ఏటవాలు గీత లాగండి. ఆ గీత పై కొసన దూత ఉన్నాడు. మేఘాల్లోంచి దూసుకొచ్చి అబ్రాహాము మణికట్టును గట్టిగా పట్టుకున్నాడు. గీత మధ్యలో, దూత వైపు గిరుక్కున తిరిగిన అబ్రాహాము ముఖం. గీత కింది కొసన కట్టెల మీద వెల్లకిలా పడి ఉన్న ఇస్సాకు. వాడి చేతులు వీపు వెనక్కి కట్టేసి ఉన్నాయి. తండ్రి రెండో చెయ్యి వాడి ముఖాన్ని మొత్తం కప్పేసి వెనక్కి నొక్కుతోంది. అందువల్ల గొంతు పైకి తేలి, చిత్రంలోని వెలుతురంతా ఆ ఒంటి మీదే పడుతోంది.

మరి కత్తి? అది ఎవరి చేతిలోనూ లేదు. పట్టు జారి గాలిలో ఉంది. ఇంకా నేల మీద పడలేదు.

గ్రంథంలోని పిలుపును రెంబ్రాంట్ ఇక్కడ ఒక పట్టుగా మార్చాడు. చెవికి వినపడాల్సిన దాన్ని కంటికి కనపడేలా చేశాడు. మణికట్టు మీద బిగిసిన వేళ్ళను, వాటి కింద ఒరిగిపోయిన అబ్రాహాము అరచేతిని, ఆ చేతిలోంచి జారిన కత్తిని వరసగా చూస్తే కేక ఎంత గట్టిగా పడిందో తెలిసిపోతుంది. ఏటవాలు గీత చేసే పని కూడా అదే. అడ్డగీత పడుకున్నట్టుంటుంది, నిలువుగీత నిలబడ్డట్టుంటుంది. ఏటవాలు గీత మాత్రం పడబోతున్నట్టే ఉంటుంది. ప్రమాదం, వేగం, తొందర చూపించాలనుకున్న చిత్రకారులు దాన్ని వాడుకున్నది అందుకే. ఇదే ఘట్టానికి సంబంధించి రెంబ్రాంట్ ఎర్ర, నల్ల చాక్‌తో వేసిన స్కెచ్ ఒకటి లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

రెండో జవాబు 1655 నాటిది. ఈసారి కాన్వాసు కాదు, రాగిరేకు. మైనం లాంటి పూత పూసిన రాగిరేకు మీద సూదితో గీసి, ఆ గీతల్ని ఆమ్లంతో తినిపించి, సిరా పట్టించి కాగితం మీద అచ్చుతీసే పద్ధతి అది. రంగు ఉండదు, గీతే సర్వస్వం. పెన్సిలు పట్టినవాళ్ళకు ఆ ఆరడుగుల చిత్రం కన్నా ఇదే దగ్గరి చుట్టం. అచ్చు కొలత సుమారు 16 సెంటీమీటర్ల ఎత్తు, 13 సెంటీమీటర్ల వెడల్పు. అరచేతిలో పట్టేంత.

కాగితం మీద ఇంకో దీర్ఘచతురస్రం గీయండి. ఈసారి ఏటవాలు గీత వద్దు. నడుమ నిలువుగా, కింద వెడల్పుగా ఒకే ఆకారం గీస్తే చాలు. ఎందుకంటే దూత, తండ్రి, కొడుకు ముగ్గురూ ఇక్కడ జొన్నచొప్ప మోపు కట్టినట్టు ఒక్కటిగా కలిసిపోయారు. దూత పైనుంచి దూసుకురాలేదు. రెక్కలు విప్పి వెనక నిలబడి, ముసలాయన రెండు చేతుల్నీ కౌగిలించుకున్నట్టు పట్టుకున్నాడు. ఇస్సాకు వెల్లకిలా పడి లేడు. మోకాళ్ళ మీద కూర్చుని, తండ్రి ఒడి దగ్గరికి తల వంచాడు. తండ్రి ఒక చేతిలో కత్తి ఇంకా ఉంది. రెండో చెయ్యి కొడుకు కళ్ళ మీద ఉంది.

చెయ్యి ముఖం మీదే ఉంది, కానీ పని మారింది. 1635లో అది ముఖాన్ని నొక్కిపట్టింది. 1655లో కళ్ళు మూసింది. కొడుకు కత్తిని చూడకూడదని తండ్రి పడే తాపత్రయం అది. కళ్ళు మూసినట్టు గ్రంథంలో లేదు. రెంబ్రాంట్ కల్పించుకున్నాడు. బలి ఇవ్వడానికి ఒప్పుకున్న తండ్రి, బిడ్డ భయపడకూడదని ఆరాటపడే తండ్రి ఒకే ఒంట్లో ఉన్నారని రెండు చేతులతో చెప్పాడు. ఇక అబ్రాహాము ముఖం చూస్తే, అక్కడ సంతోషం లేదు, ఏడుపు లేదు. కళ్ళ స్థానంలో రెండు నల్లని గుంటలు, ఆపైన అలసట. కొడుకు దక్కాడన్న కబురు చెవిన పడింది గానీ ఇంకా లోపలికి దిగలేదు.

రెంబ్రాంట్ జీవితంలోని కొన్ని తేదీలను ఇక్కడ చెప్పుకోవాలి. మొదటి కొడుకు రుంబార్టస్ 1635 డిసెంబరులో పుట్టి రెండు నెలలకే పోయాడు. ఆ తర్వాత పుట్టిన ఇద్దరు ఆడపిల్లలూ పసితనంలోనే పోయారు. 1641లో పుట్టిన టైటస్ దక్కాడు గానీ ఆ మరుసటి ఏడే భార్య సాస్కియా కన్నుమూసింది. రాగిరేకు మీద ఈ బొమ్మ గీసేనాటికి టైటస్‌కు పద్నాలుగేళ్ళు. బొమ్మ మారడానికి ఈ చావులే కారణమని తేల్చి చెప్పడం తొందరపాటవుతుంది. మొదటి బొమ్మ వేసినవాడు ఇరవైతొమ్మిదేళ్ళవాడు, రెండోది వేసినవాడు సాస్కియాకు పుట్టిన నలుగురు బిడ్డల్లో ముగ్గుర్ని పోగొట్టుకున్నవాడు. అంతవరకు మాత్రం నిజం.

మన దగ్గరి బొమ్మల సంప్రదాయం కాగితానికి గొంతు లేదన్న చిక్కును వేరే రకంగా దాటింది. చేర్యాల నకాషీ పటం తీసుకోండి. గజాల కొద్దీ పొడవున్న బట్ట మీద కథంతా వరసలు వరసలుగా ఉంటుంది. ఒకే నాయకుడు పదిచోట్ల కనిపిస్తాడు. అక్కడ ఏ ఒక్క క్షణాన్నీ బిగపట్టి ఆపాల్సిన పని లేదు. పటం పక్కన నిలబడి కథ చెప్పేవాడి గొంతే ఏడుపునూ కోపాన్నీ అందిస్తుంది. నిజామాబాద్ జిల్లా గర్వంగా చెప్పుకునే చిందు యక్షగానంలోనూ, చిందుల ఎల్లమ్మ లాంటి కళాకారుల ఆటలోనూ పాట, అడుగు, అభినయం ఒకదానికొకటి సాయం. ఒంటరి పెన్సిలు బొమ్మకు ఆ సాయం లేదు. ఉన్న ఒక్క క్షణంలోనే ముందు జరిగిందీ తర్వాత జరగబోయేదీ తెలియాలి.

అందుకే క్షణం ఎంపికే సగం పని. కత్తి ఎత్తకముందు వేస్తే ఉత్కంఠ ఉంటుంది గానీ విడుదల ఉండదు. పొట్టేలు దొరికాక వేస్తే విడుదల ఉంటుంది గానీ భయం ఉండదు. కత్తి ఆగిన క్షణంలో రెండూ ఉన్నాయి.

ఇక పెన్సిలు సంగతి. ఇప్పుడు మనం వాడే పెన్సిలు రెంబ్రాంట్ కాలంలో లేదు. గ్రాఫైటు పొడిలో బంకమట్టి కలిపి కాల్చే పద్ధతికి ఫ్రాన్సులో నికొలా జాక్ కోంటే 1795లో పేటెంటు తీసుకున్నాడు. మట్టి ఎక్కువైతే ములికి గట్టిపడి గీత లేతగా పడుతుంది. అవి హెచ్ రకాలు. గ్రాఫైటు ఎక్కువైతే మెత్తగా, నల్లగా పడుతుంది. అవి బి రకాలు. కామారెడ్డి స్టేషనరీ దుకాణంలో 2బి, 4బి, 6బి అని అడిగితే కట్టగా ఇచ్చే పెన్సిళ్ళ వెనక ఈ లెక్క ఉంది.

మన అమ్మాయి 6బి తీసుకుని కత్తిని మొదట నల్లగా దిద్దిందనుకోండి. చాలామంది అలాగే చేస్తారు. నిజానికి మెరిసే కత్తి అంచుకు గీతే అక్కర్లేదు. కాగితం తెలుపును అలాగే వదిలి, దాని వెనక ఉన్న ఆకాశాన్ని షేడింగుతో నల్లబరిస్తే కత్తి తనంతట తానే బయటికొస్తుంది. గీత గీసిన కత్తి కన్నా గీయని కత్తి పదునుగా కనిపిస్తుంది.

కళ్ళు మూసిన చేతికి ఇంకా మెళకువ కావాలి. వేళ్ళకూ చెంపకూ మధ్య వెడల్పాటి నీడ వేస్తే చెయ్యి ముఖానికి దూరంగా, గాలిలో ఉన్నట్టుంటుంది. ఆ నీడను సన్నగా, ముదురుగా ఉంచి, వేళ్ళ కింద చెంప కాస్త నొక్కుకుపోయినట్టు చూపిస్తే చెయ్యి నిజంగా ఆనినట్టుంటుంది. వేలికొసల దగ్గర బలం ఎక్కువ కనిపిస్తే అది 1635 నాటి తండ్రి చెయ్యి. అరచెయ్యి మొత్తం మెత్తగా ఆనితే 1655 నాటిది. ముఖంలో కన్నీళ్ళు గీయడం దీనికన్నా తేలిక, కానీ ఫలితం తక్కువ. నోరు తెరిచి ఏడ్చే ముఖాన్ని చూసి పాత్ర ఏడుస్తోందని అర్థం చేసుకుంటాం, అంతే. కొడుకు కళ్ళు మూసే చేతిని చూస్తే తండ్రి మనసులో ఏముందో మనమే ఊహించుకోవాలి.

షేడింగులో ఇంకో మాట. నీడలన్నింటినీ వేలితో రుద్దేస్తే బొమ్మ మొత్తం ఒకే బూడిదరంగు అయిపోతుంది, పైగా మెత్తని గ్రాఫైటు నిగనిగలాడి వెలుతురు పడ్డచోట మెరుస్తుంది. గీతల్ని గీతలుగానే వదిలి, ఒంటి వంపు ఎటు తిరిగితే అటు తిప్పితే బొమ్మలో బిగువు నిలుస్తుంది. రెంబ్రాంట్ 1653లో రాగిరేకు మీద గీసిన మూడు సిలువల బొమ్మలో ఇది బాగా కనబడుతుంది. ఆకాశం నుంచి వెలుగు తిన్నని గీతలుగా దిగుతుంది. తర్వాత ఆయన అదే రేకును మళ్ళీ చెక్కి, కింద ఉన్న జనంలో చాలామందిని చెరిపేసి, పక్కలన్నీ చీకటి చేశాడు. మనుషులు తగ్గేసరికి విషాదం పెరిగింది. మైకెలాంజెలో 1540 ప్రాంతంలో కవయిత్రి విత్తోరియా కొలొన్నా కోసం నల్ల చాక్‌తో వేసిన సిలువ బొమ్మలో అసలు గుంపే లేదు. ప్రాణంతో ఉన్న క్రీస్తు తల ఎత్తి పైకి చూస్తుంటాడు. అటూ ఇటూ ఇద్దరు దేవదూతలు, అడుగున ఒక పుర్రె. బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్న ఆ బొమ్మలో కాగితం చాలావరకు ఖాళీ.

ఇవన్నీ లండన్‌లోనూ రష్యాలోనూ ఉన్నాయి కదా, మనం చూసేదెక్కడ అంటారా? కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి, అక్కడి నుంచి నాగిరెడ్డిపేట, పోచారం దాటితే మెదక్. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. కరువు రోజుల్లో కూలికి బదులు తిండి పెట్టి కట్టించిన కట్టడంగా దానికి పేరు. లోపల మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నాయి. బలిపీఠం వెనక క్రీస్తు ఆరోహణం, రెండు పక్కలా జననం, సిలువ. వీటి రూపకర్త ఇంగ్లండుకు చెందిన ఫ్రాంక్ సాలిస్‌బరీ. రాజు పట్టాభిషేకాన్నీ, చర్చిల్, రూజ్‌వెల్ట్ లాంటివారి ముఖాలనూ చిత్రించిన ఆయన కుర్రతనంలో నేర్చింది మాత్రం అద్దాల పనే. ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో వచ్చాయి. ముప్పై ఏళ్ళ పని.

రంగుటద్దాల కిటికీ కూడా నలుపు తెలుపు గీతతోనే మొదలవుతుంది. ముందు చిన్న స్కెచ్, ఆ తర్వాత కిటికీ అంత కాగితం మీద నిజ కొలతలో బొమ్మ. అద్దం ఎక్కడ కోయాలో, ముక్కల్ని కలిపే సీసపు పట్టీ ఎటు పోవాలో ఆ కాగితం మీదే తేలాలి. పట్టీ ముఖం మధ్యలోంచి పోతే బొమ్మ పాడవుతుంది. భుజం వంపు వెంట, బట్ట మడత వెంట పోతే బొమ్మకు బలం వస్తుంది. మన అమ్మాయి అక్కడికి పగటిపూట, ఎండ ఉన్నప్పుడు వెళ్ళాలి. రంగులను కాసేపు పట్టించుకోకుండా నల్లటి పట్టీలను మాత్రమే పెన్సిలుతో గీసుకోవాలి. ఆరోహణం చూపును పైకి లాగాలి, జననం లోపలికి పోగేయాలి, సిలువ నిలువూ అడ్డం మధ్య నిలబెట్టాలి. పట్టీలు ఆ పని ఎంతవరకు చేస్తున్నాయో గీసుకున్న కాగితం మీద తెలిసిపోతుంది.

ఇంటికొచ్చాక మోరీయా బొమ్మ కోసం అగ్గిపెట్టెంత గళ్ళు మూడు గీసుకోవాలి. మొదటి దాంట్లో ఏటవాలు కూర్పు. రెండో దాంట్లో ముగ్గురూ ఒక్కటైన నిలువు కూర్పు. మూడోది ఆమె సొంతం. కొండ కింద గాడిద పక్కన కూర్చున్న పనివాళ్ళ వైపు నుంచి వేయవచ్చు. ఆ అధ్యాయంలో ఎక్కడా కనిపించని తల్లి శారాను తలుచుకుని వేయవచ్చు. సిరియాళుడి కథలో తల్లి కూడా ఉందన్నది తెలుగువాళ్ళకు తెలిసిన విషయమే. మూడింటినీ గోడకు అంటించి నాలుగడుగుల దూరం నుంచి చూసి, కథ తెలియనివాళ్ళను కూడా పిలిచి ఏం జరుగుతోందని అడగాలి. వాళ్ళు సరిగ్గా చెప్పగలిగినదాన్ని గళ్ళ పద్ధతిలో డ్రాయింగు షీటు మీదికి పెద్దది చేయాలి. ముఖాల జోలికి అప్పుడే పోనక్కర్లేదు. తండ్రి చేతులు రెండూ, దూత చేతులు రెండూ, కట్టేసిన కొడుకు చేతులు రెండూ, ఈ ఆరూ ఎక్కడెక్కడ ఉండాలో ముందు ఖాయం చేసుకుని, 2బి పెన్సిలుతో లేతగా మొదలుపెట్టాలి.